బ్యాక్‌లాగ్స్ ఉన్నా కెనడా స్టడీ పర్మిట్ ఎలా వచ్చిందంటే

నాకు బీటెక్‌లో బ్యాక్‌లాగ్స్ బాగానే ఉన్నాయి, ఫస్ట్ అప్లికేషన్ రిఫ్యూజ్ అయింది. లెటర్‌లో ఏమో చదువయ్యాక కెనడా వదిలి వెళ్తారని నమ్మకం లేదు అన్న రొటీన్ లైనే ఉంది, దాంతో ఏమీ అర్థం కాదు. వెంటనే మళ్ళీ అప్లై చేసెయ్యకండి, ముందు జీసీఎంఎస్ నోట్స్, అంటే కెనడా ఇమిగ్రేషన్ వాళ్ళ సిస్టమ్‌లో మన ఫైల్ మీద ఆఫీసర్ రాసుకున్న నోట్స్, తెప్పించుకోండి. కెనడాలోనే ఉంటున్న నా ఫ్రెండ్‌కి కన్సెంట్ ఫారం సంతకం చేసి పంపితే 5 డాలర్లు కట్టి తనే రిక్వెస్ట్ పెట్టాడు. ఆఫీసర్ రాసిన అసలు కారణం అందులో దొరికింది, పాత మార్కులు చూస్తే ఈ కోర్స్ పూర్తి చేస్తానని అనిపించట్లేదట.

ఇక ఎక్స్‌ప్లనేషన్ లెటర్ మొత్తం దాని మీదే రాశా. ఏ సెమిస్టర్‌లో ఏ సబ్జెక్ట్ పోయింది, అప్పుడు ఇంట్లో ఏం జరిగింది, దానికి హాస్పిటల్ పేపర్లు, ఆ సబ్జెక్ట్ ఎప్పుడు క్లియర్ చేశా, చివరి సెమిస్టర్లలో మార్కులు ఎలా పెరిగాయి, తర్వాత చేసిన జాబ్ పేస్లిప్స్, ఆ జాబ్‌కి ఈ కోర్స్‌కి లింక్ ఏంటి, అన్నీ వరసగా. ఈసారి అప్రూవ్ అయింది.

ఫెయిలైన మెమోలు దాచమని సలహా ఇచ్చేవాళ్ళుంటారు, దయచేసి వినొద్దు, తప్పుడు సమాచారం అని తేలితే 5 ఏళ్ళు బ్యాన్. ఇంకోటి, 2024 జనవరి నుంచి చాలామందికి ప్రావిన్స్ (అక్కడి రాష్ట్రం) ఇచ్చే అటెస్టేషన్ లెటర్, అంటే వాళ్ళ స్టూడెంట్ కోటాలో మనకి చోటుందని చెప్పే లెటర్, కూడా కావాలి, రీఅప్లై చేసేముందు అది ఎక్స్‌పైర్ అవ్వలేదు కదా చూసుకోండి.