డిగ్రీ అడ్మిషన్ ఎక్కడ ఆగింది? అనంతపురం నెట్ సెంటర్ నుంచి

ఇంటర్ ఫలితాలొచ్చిన మర్నాటి నుంచి టవర్ క్లాక్ దగ్గర మా నెట్ సెంటర్‌లో కుర్చీలు చాలవు. 2020-21 నుంచి మన రాష్ట్రంలో డిగ్రీ కాలేజీల కన్వీనర్ సీట్లు (కాలేజీ కాకుండా ప్రభుత్వం తరఫున కేటాయించేవి) ఉన్నత విద్యామండలి పెట్టిన ఓఏఎండీసీ అనే ఆన్‌లైన్ అడ్మిషన్ల పోర్టల్ నుంచే ఇస్తున్నారు. కాలేజీ కిటికీ దగ్గర ఫారం కొనుక్కునే రోజులు పోయాయి. దాంతో ఎవరు లోపలికొచ్చినా మొదటి మాట ఒకటే: "అన్నా, సైటు పని చేయడం లేదు." సైటు చాలాసార్లు బాగానే ఉంటుంది. మన దగ్గరున్న ఒక కాగితానికీ ఇంకో కాగితానికీ పడకపోతే అది అక్కడ నిలబడిపోతుంది.

"ఆల్రెడీ రిజిస్టర్ అయిందంటోంది, మేము చేయలేదే!"

కళ్యాణదుర్గం వైపు నుంచి ఒకాయన కూతుర్ని తీసుకొని తొలి బస్సుకే వచ్చాడు. హాల్ టికెట్ నంబరు కొట్టగానే ఇదే మాట వచ్చింది. తెర మీద ఫోన్ నంబరు చివరి అంకెలు చూపిస్తే ఆ పాప "ఇది మా ఇంట్లో ఎవరిదీ కాదు" అంది. కాసేపాగి తండ్రికి గుర్తొచ్చింది. పరీక్షలైన వారానికి బైకు మీద ఇద్దరు ఇంటికొచ్చారట. బస్సు ఫ్రీ, పుస్తకాలు ఫ్రీ అని చెప్పి హాల్ టికెట్, టెన్త్ మెమో, ఆధార్ జిరాక్సులు తీసుకుపోయారట.

అదన్నమాట సంగతి. కొన్ని ప్రైవేటు కాలేజీల పీఆర్వోలు, అంటే పిల్లల్ని చేర్పించడానికి తిరిగేవాళ్లు, పిల్లల వివరాలతో తమ ఫోన్ నంబరు మీద రిజిస్ట్రేషన్ చేసేస్తారు. ఓటీపీ వాళ్లకే పోతుంది, ఆప్షన్లూ (ఏ కాలేజీ, ఏ కోర్సు కావాలన్న ఎంపికలు) వాళ్లే పెడతారు. పిల్లకు తెలిసేసరికి ఏదో కాలేజీలో సీటు వచ్చి ఉంటుంది.

దీనికి నెట్ సెంటర్‌లో మందు లేదు. ఒరిజినల్ మెమో, ఆధార్ పట్టుకొని విద్యార్థే హెల్ప్‌లైన్ సెంటర్‌కు పోయి ఫోన్ నంబరు మార్చమని రాసివ్వాలి. నంబరు మారగానే పాస్‌వర్డ్ మార్చి, ముందున్న ఆప్షన్లు తీసేసి, మనకు కావలసినవి పెట్టుకోవాలి. ఆప్షన్ల గడువు దాటాక పోతే ఆ విడతకు చేసేదేమీ ఉండదు, తర్వాతి విడత కోసం కూర్చోవాలి. ఆ పాపకు ఇంకా రెండు రోజులుంది కాబట్టి సరిపోయింది. ఇంటికొచ్చి ఫ్రీ అన్న మనిషికి జిరాక్సు కూడా ఇవ్వొద్దని నేను అందరికీ చెబుతాను. ఇస్తూనే ఉంటారు.

"పేరు మ్యాచ్ కాలేదంటోంది"

మన వైపు ఇంటిపేరుతో వచ్చే తంటా ఇది. టెన్త్ మెమోలో కె. ఎర్రిస్వామి, ఆధార్‌లో కురువ ఎర్రిస్వామి, బ్యాంకులో ఎర్రిస్వామి కె. ముగ్గురూ ఒకడే అని మనకు తెలుసు, కంప్యూటర్‌కు తెలియదు. షేక్ అనే మాటనైతే ఇంగ్లిషులో నాలుగు రకాలుగా రాస్తారు.

టెన్త్ మెమోనే మూలంగా పెట్టుకోండి. దాన్ని మార్చడం పెద్ద పని, ఆధార్‌ను మార్చడం చిన్న పని. మెమో చూపించి ఆధార్ సెంటర్‌లో పేరు, పుట్టిన తేదీ దాని ప్రకారం దిద్దించండి. మార్పు ఎక్కడానికి కొన్ని రోజులు పడుతుంది కాబట్టి ఫలితాల కోసం చూసే ఏప్రిల్‌లోనే చేయించుకుంటే హాయి. మెమోలోనే తప్పుంటే చదివిన హైస్కూల్ హెడ్‌మాస్టర్ ద్వారా బోర్డుకు పోవాలి.

"నాన్-లోకల్ అని చూపిస్తోంది"

నోటిఫికేషన్ చదివినా తల తిరిగే విషయం కాబట్టి ఇక్కడ కొంచెం నిదానంగా చూడండి. సీట్లలో 85 శాతం లోకల్ వాళ్లకు, 15 శాతం అన్‌రిజర్వుడ్, అంటే లోకల్ వాళ్లకే అని కట్టిపెట్టనివి. లోకల్ అంటే జిల్లా కాదు, యూనివర్సిటీ ఏరియా. మనది ఎస్వీయూ (శ్రీ వెంకటేశ్వర యూనివర్సిటీ) ఏరియా: పాత జిల్లాల లెక్కలో అనంతపురం, కర్నూలు, కడప, చిత్తూరు, నెల్లూరు. 2022 ఏప్రిల్‌లో మీ ఊరు నంద్యాల జిల్లాలోకో శ్రీసత్యసాయి జిల్లాలోకో పోయినా లోకల్ పోదు. పాత జిల్లా పేరున్న సర్టిఫికెట్ చూసి టెన్షన్ పడొద్దు.

ఇంటర్‌తో ముగిసే చివరి నాలుగేళ్లు, అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు వరుసగా ఇక్కడే చదివితే లోకల్. అది కుదరకపోతే ఏడేళ్లు చూస్తారు. ఆ ఏడేళ్లూ రాష్ట్రంలోనే చదివి ఉంటే, ఎక్కువ ఏళ్లు ఏ ఏరియాలో చదివారో అక్కడ లోకల్. ఆరు నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు అడిగేది ఇందుకే.

కోసిగి, ఆదోని వైపు నుంచి గుంటూరు మిరప కోతలకు పోయే ఇళ్లలో పిల్లలు అక్కడి బడిలో చేరడం ఉంటుంది. తొమ్మిదో తరగతి గుంటూరులో, మిగతా ఆరేళ్లూ ఇక్కడ చదివాడనుకోండి. గుంటూరు ఆంధ్రా యూనివర్సిటీ ఏరియా, కాబట్టి నాలుగేళ్ల లెక్క తప్పింది. ఏడేళ్ల లెక్కలో ఆరేళ్లు ఇక్కడివే, వాడు లోకలే. ఫారంలో ఆ ఒక్క ఏడాది దాచాల్సిన పని లేదు. గుంటూరు బడి నుంచి స్టడీ సర్టిఫికెట్ తెప్పించుకోవాలి, అంతే.

బళ్లారి కథ వేరు. రాయదుర్గం వైపు నుంచి మేనమామ ఇంట్లో ఉండి పదో తరగతి దాకా బళ్లారిలో చదివి, ఇంటర్‌కు ఇక్కడికొచ్చే పిల్లలున్నారు. అది వేరే రాష్ట్రం, కాబట్టి నాలుగేళ్ల లెక్కా ఏడేళ్ల లెక్కా రెండూ పోయాయి. చాలామంది తహసీల్దార్ ఆఫీసుకు పరిగెత్తి పిల్లాడి పేరు మీద నాలుగేళ్ల నివాస ధ్రువీకరణ తెస్తారు. అది ఆ ఏళ్లలో ఏ బడిలోనూ చదవని వాళ్లకు పనికొస్తుంది, వీడికి పనికిరాదు. వీడికి కావలసింది తండ్రి గానీ తల్లి గానీ రాష్ట్రంలో పదేళ్లు ఉన్నట్టు సర్టిఫికెట్. దాంతో 15 శాతం సీట్లకు పోటీ పడొచ్చు. కర్ణాటక బోర్డు మెమోలు, టీసీ దగ్గర పెట్టుకోండి.

"డబ్బు కట్ అయింది, రసీదు రాలేదు"

వెంటనే రెండోసారి కట్టకండి. పేమెంట్ స్టేటస్ చూసి, ఒక పూట ఆగి మళ్లీ చూడండి. ఫెయిల్ అయితే మామూలుగా డబ్బు ఖాతాలోకి వెనక్కి వస్తుంది.

"నేను చదవాలనుకున్న గ్రూపే కనిపించడం లేదు"

అన్న ఎంపీసీ చదివాడు, నేనూ అదే అంటూ వస్తారు. 2023-24లో సింగిల్ మేజర్ పద్ధతి, అంటే ఒక్కటే ముఖ్య సబ్జెక్టు ఉండే డిగ్రీ, వచ్చాక మూడు సబ్జెక్టుల పాత గ్రూపు పేర్లతో వెతికితే దొరకవు. మీకు ఇష్టమైన ఒక్క సబ్జెక్టు పేరుతో చూడండి. ఆ ఏడాది ఆ కాలేజీలో ఏ మేజర్లున్నాయో ముందే ఆఫీసులో అడగండి. మీ అన్న చదివిన గ్రూపు చూసి పోవద్దు.

"సీటు వచ్చింది, ఇప్పుడు చూస్తే లేదు. యాడికి పోయిందన్నా?"

రెండు కారణాలు. అలాట్‌మెంట్ లెటర్ తీసుకొని ఇంట్లో పెట్టుకున్నారు, గడువులోపు ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ (సీటు తీసుకుంటున్నామని చెప్పడం) చేయలేదు, కాలేజీకీ పోలేదు. లేదంటే రెండో విడతలో "చూద్దాం పో" అని మళ్లీ ఆప్షన్లు పెట్టారు, కొత్త సీటు వచ్చింది, పాతది దానంతటదే రద్దయింది. కాబట్టి రెండో విడతలో ఇప్పుడున్న సీటుకంటే కచ్చితంగా మేలనిపించిన కాలేజీలే పెట్టండి. లిస్టు నింపడానికి పదో పేరు రాయకండి. రద్దయిన సీటు అడిగితే తిరిగి రాదు, తర్వాతి విడత ఉంటే అందులో ప్రయత్నించాలి.

"చేరాను, ఫీజు మొత్తం కట్టమంటున్నారు"

ముందు ఏ కోటాలో చేరారో చూసుకోండి. మేనేజ్‌మెంట్ కోటా సీటుకు ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. కన్వీనర్ సీటే అయితే జ్ఞానభూమిలో (ప్రభుత్వ స్కాలర్‌షిప్ పోర్టల్) మీ వివరాలు కాలేజీ ఎక్కించిందో లేదో ఆఫీసులో అడగండి. మీ ఖాతాలో పడాల్సిన స్కాలర్‌షిప్ డబ్బు పడకపోతే ఎక్కువగా ఎన్‌పీసీఐ లింకు (ఆధార్ మీద వచ్చే డబ్బు ఏ బ్యాంకుకు పోవాలో చెప్పేది) తప్పు ఉంటుంది. స్కూల్లో ఉన్నప్పుడు తెరిచిన ఖాతా ఒకటి, ఆధార్ లింకైన ఖాతా ఇంకొకటి. ఆధార్ వెబ్‌సైట్‌లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ చూస్తే ఏ బ్యాంకు పేరుందో కనిపిస్తుంది. వేరే బ్యాంకు ఉంటే మీ శాఖకే పోయి మార్పుకు రాసివ్వండి. హాజరు 75 శాతం కంటే తగ్గినా డబ్బు ఆగుతుంది, అది మా సెంటర్‌లో బాగయ్యేది కాదు.

ఒరిజినల్స్ కాలేజీ వాళ్లే ఉంచుకుంటామంటే, చూసి తిరిగి ఇవ్వాలని యూజీసీ 2018లోనే చెప్పిందని మర్యాదగా గుర్తు చేయండి. టీసీ మాత్రం వాళ్ల దగ్గరే ఉంటుంది. దాన్ని ఇచ్చే ముందు రెండు జిరాక్సులు తీయించుకోండి. పొద్దున్నే రండి, మధ్యాహ్నం అయితే క్యూ మెట్ల దాకా ఉంటుంది.