మూతపడిన పేజీలోని ఫోటోలను బ్రౌజర్ కాష్‌లో వెతికి తీయడం

చెన్నైలో మా అపార్ట్‌మెంటులోనే ఉండే ఒక తెలుగు బామ్మగారు, మనవరాలి అరంగేట్రం ఫోటోలను ఫోటోగ్రాఫరు పంపిన లింకులో ఒక రాత్రి చాలాసేపు చూసుకున్నారు. మర్నాడు తెరిస్తే గడువు తీరిందని పేజీ కనిపించలేదు. "దింపుకోవడం నాకు చేతకాలేదు నాయనా, చూడటం మటుకు అన్నీ చూశాను" అన్నారు. అలా చూడటమే మేలయింది. పేజీ మళ్లీ తెరిచినప్పుడు త్వరగా రావాలని బ్రౌజరు తాను చూపిన బొమ్మల నకళ్లను కాష్ అనే ఫోల్డరులో కొంతకాలం దాచి ఉంచుతుంది.

అయితే ఆ ఫోల్డరుకు ఒక పరిమాణం ఉంటుంది. అది నిండితే కొత్త ఫైళ్ల కోసం పాతవి తొలగిపోతాయి. కాబట్టి పోయినదాన్ని వెతుకుతూ పది సైట్లు తిరగడం కంటే చేటు మరొకటి లేదు. వెంటనే బ్రౌజరును మూసివేసి, కాష్ ఫోల్డరు మొత్తాన్ని వేరొక చోటికి కాపీ చేసుకుని, ఇక మీదట ఆ కాపీలోనే వెతకాలి.

విండోస్‌లో క్రోమ్ వాడేవారికి ఈ ఫోల్డరు, సీ డ్రైవులోని యూజర్స్‌లో తమ పేరున్న ఫోల్డరు తెరిచి, వరుసగా యాప్‌డేటా, లోకల్, గూగుల్, క్రోమ్, యూజర్ డేటా, డిఫాల్ట్, కాష్, కాష్‌డేటా అనే ఫోల్డర్లలోకి వెళితే దొరుకుతుంది. యాప్‌డేటా మామూలుగా కనబడదు. వ్యూ మెనూలో హిడెన్ ఐటమ్స్‌ను ఎంచుకోవాలి. ఒకే కంప్యూటరును ఇంట్లో పలువురు వేర్వేరు ప్రొఫైళ్లతో వాడుతుంటే డిఫాల్ట్‌కు బదులు ప్రొఫైల్ 1 వంటి పేరు ఉండవచ్చు. ఏదో తెలియకపోతే ఇందుకు మాత్రమే బ్రౌజరును తెరిచి, అడ్రసు పట్టీలో ఇంగ్లీషు అక్షరాలతో క్రోమ్ అని, కోలన్, రెండు వాలుగీతలు, వెర్షన్ అని టైపు చేస్తే వచ్చే పేజీలో ప్రొఫైల్ పాత్ అనే వరుస సరైన ఫోల్డరును చెబుతుంది. బామ్మగారి ఫోటోలు కొడుకు ప్రొఫైలులో ఉన్నాయని అక్కడే తెలిసింది.

లోపల ఫోటోల పేర్లేమీ ఉండవు. విండోస్ క్రోమ్‌లో డేటా_0 నుంచి డేటా_3 వరకు నాలుగు ఫైళ్లు, ఇండెక్స్ అనే ఒక ఫైలు, ఎఫ్ అక్షరంతో మొదలై, తరువాత అంకెలు, కొన్ని ఇంగ్లీషు అక్షరాలు కలిసిన పేర్లున్న ఫైళ్లు అనేకం కనిపిస్తాయి. 16 కేబీకి మించినవి ఈ ఎఫ్ ఫైళ్లలో విడివిడిగా ఉంటాయి కనుక, పెద్ద ఫోటోలను వీటిలోనే చూడాలి. మార్పు తేదీ ప్రకారం వరుస పెట్టి, చూసిన రాత్రికి చెందినవాటిని ఏరుకోండి. ఒకదాన్ని నోట్‌ప్యాడులో తెరిస్తే మొదట్లోనే జేఎఫ్‌ఐఎఫ్ లేక ఎగ్జిఫ్ అని ఉంటే అది జేపీజీ, పీఎన్‌జీ అని ఉంటే పీఎన్‌జీ, ఆర్‌ఐఎఫ్‌ఎఫ్ తరువాత వెబ్‌పీ అని ఉంటే వెబ్‌పీ. సేవ్ చేయకుండా మూసివేయాలి, సేవ్ చేస్తే ఫైలు చెడిపోవచ్చు. తరువాత పేరు చివర చుక్క పెట్టి ఇంగ్లీషులో జేపీజీ వంటి తగిన పొడిగింపును (ఎక్స్‌టెన్షన్) చేర్చితే ఫోటో తెరుచుకుంటుంది.

ఫైళ్లు వందల్లో ఉన్నప్పుడు ఈ పని చేతితో చేయడం కష్టమే. నిర్‌సాఫ్ట్ వారి క్రోమ్‌కాష్‌వ్యూ అనే ఉచిత సాధనం ప్రతి ఫైలు ఏ వెబ్ చిరునామా నుంచి వచ్చిందో, ఏ రకానిదో, ఎంత పరిమాణమో వరుసగా చూపి, ఎంచుకున్నవాటిని సరైన పొడిగింపుతో వేరే ఫోల్డరులోకి కాపీ చేస్తుంది. నా మట్టుకు నేను ముందు దీన్నే వాడమంటాను.

ఫైర్‌ఫాక్స్‌లో చిరునామా పట్టీలో ఇంగ్లీషులో ఎబౌట్, కోలన్, కాష్ అని టైపు చేస్తే దాచిన వాటి జాబితా బ్రౌజరులోనే వస్తుంది. దాని ఫైళ్లు లోకల్ కింద మొజిల్లా, ఫైర్‌ఫాక్స్, ప్రొఫైల్స్‌లో ఉన్న ప్రొఫైలు ఫోల్డరులో, కాష్2 లోపలి ఎంట్రీస్‌లో ఉంటాయి. చాలామంది రోమింగ్ అనే ఫోల్డరులో వెతికి లేవని వదిలేస్తారు. అక్కడ బుక్‌మార్కుల వంటివి ఉంటాయి, కాష్ ఉండదు.

దొరకనివీ ఉంటాయి. చూసినవాటి జాడ దాచుకోని ఇన్‌కాగ్నిటో కిటికీలో చూసినవి డిస్కు మీదికి రావు. నిల్వ చేయవద్దని సైటు ఆదేశించిన పేజీలూ అంతే. వీడియోలు సాధారణంగా చిన్న చిన్న ముక్కలుగా వస్తాయి, వాటిని కూర్చడం వేరే పని. అన్నిటికంటే ముఖ్యంగా, కాష్‌లో ఉండేది సాధారణంగా తెర మీదికి వచ్చిన పరిమాణమే: చిన్న బొమ్మగా చూసిన ఫోటో చిన్నదిగానే దొరుకుతుంది, నొక్కి పెద్దది చేసి చూసినదే పెద్దదిగా దొరుకుతుంది.

బామ్మగారు మనవరాలు ఒక్కతే ఉన్న ఫోటోలన్నిటినీ నొక్కి పెద్దవిగా చూశారట. అవి పెద్దవిగానే దొరికాయి. గురువుగారితోనూ బంధువులతోనూ దిగినవి బొటనవేలంత బొమ్మలుగా మిగిలాయి. వాటి అసలు ప్రతుల కోసం ఫోటోగ్రాఫరుకు మళ్లీ ఫోను చేయమని ఆ చిన్న బొమ్మలనే ఆమె కొడుక్కి పంపాను, ఏవేవి కావాలో చూపించడానికి అవి చాలుతాయి.