చలి తగ్గుతోంది, సైకిల్ బయటికి తీయండి

చలికాలమంతా మూలన పడి ఉన్న సైకిల్‌ను తీస్తున్నారా? ముందు టైర్లలో గాలి చూడండి. పంక్చరు లేకపోయినా ట్యూబు రబ్బరు గుండా గాలి కొద్దికొద్దిగా పోతూనే ఉంటుంది. వేలితో నొక్కి వేసే అంచనాను నేను నమ్మను. ఎంత గాలి ఉండాలో టైరు పక్క భాగం మీదే అచ్చు వేసి ఉంటుంది. మీటరున్న పంపుతో ఆ హద్దుల్లోనే కొట్టండి. అక్కడే పగుళ్లు కనిపిస్తే మాత్రం టైరు మార్చేయడమే మేలు.

చైనును పొడిగుడ్డతో తుడిచి, ఒక్కో లింకుకు ఒక్కో చుక్క సైకిల్ ఆయిల్ వేసి, పెడళ్లను వెనక్కి తిప్పి, పైన మిగిలిన నూనెను మళ్లీ తుడిచేయండి. ఈ చివరి పనినే చాలామంది వదిలేస్తారు. దుమ్మంతా వచ్చి అంటుకునేది ఆ జిడ్డుకే! బ్రేకులు రెండూ నొక్కి చూశాక బయలుదేరండి.

ఇక బట్టలు. గడప దాటగానే కాస్త చలి అనిపించాలి. అప్పుడే హాయిగా ఉందంటే ఎక్కువ వేసుకున్నట్టే: పది నిమిషాల్లో చెమట పడుతుంది, ఆగిన వెంటనే ఆ తడి వణికిస్తుంది. ఒక దళసరి కోటు కన్నా రెండు పలుచని పొరలు నయం, వేడెక్కాక పైది తీసి సంచిలో పెట్టుకోవచ్చు.

ఈ రోజుల్లో గాలి జోరు ఎక్కువగా ఉంటే ఎదురుగాలిలో వెళ్లి, గాలివాటున తిరిగి రండి. కాళ్లు అలిసేది వచ్చేటప్పుడే కదా. మొదటి వారాల్లో వేగం లెక్కలు వద్దు, పక్కవారితో ఆయాసం లేకుండా మాట్లాడగలిగినంత నెమ్మదిగా తొక్కితే చాలు.