తప్పిపోయిన కుమారుడి కథను బుర్రకథగా కట్టే పద్ధతి

సువార్త కూటాల్లో జనం పోగయ్యేదాకా బుర్రకథ ఆడించి, ఆ తర్వాత ప్రసంగం మొదలుపెట్టడం అలవాటైపోయింది. అలా చేయొద్దు. కథే ప్రసంగం. ఈ సంగతి ముందే పాస్టరుగారితో తేల్చుకోండి.

చిన్నకొడుకు ఆస్తిలో వాటా తీసుకుని దూరదేశం పోయి, అంతా పోగొట్టుకుని పందులు మేపి తిరిగొస్తాడు; తండ్రి పరుగెత్తి చేర్చుకుంటాడు; పెద్దకొడుకు అలిగి ఇంట్లోకి రానంటాడు. ఇదీ కథ. బైబిల్లో లూకా సువార్త 15వ అధ్యాయంలో 11 నుంచి 32 దాకా ఉన్నవి 22 వచనాలే, అయినా గంట కథకు సరిపోతాయి. ఆస్తి పంపకానికి 10 నిమిషాలు, దూరదేశానికి 20, తిరిగి రావడానికి 15, పెద్దకొడుక్కి 15. టైం చాలక చాలామంది పెద్దకొడుకును ఎగ్గొడతారు. యేసు ఈ కథ చెప్పిందే పాపుల్ని చేర్చుకుంటున్నాడని సణుగుతున్న పరిసయ్యులనే మతపెద్దలకు! అతణ్ణి తీసేస్తే కథ సగమే.

కథకుడికి తంబుర, అందెలు, గజ్జెలు; ఇరుపక్కల వంత పాడే ఇద్దరికీ (వీళ్లే వంతలు; ఒకరిది హాస్యం, ఇంకొకరిది రాజకీయం) డక్కీలనే తోలు వాయిద్యాలు. నాలుగైదు చరణాలకోసారి పాట ఆపి మామూలు మాటల్లో కథ చెప్పాలి, లేకపోతే ఒకటే వరసకు జనం కునుకు తీస్తారు. తండ్రి పరుగెత్తే చోట పాట ఆపేయండి. డక్కీలు మెల్లగా మొదలై జోరందుకుని, టక్కున ఆగాలి. అప్పుడు వంత అడగాలి: "అదేంటి గురువా, అంత పెద్దమనిషి పంచె ఎగ్గట్టి వీధిలో పరుగా?" "కొడుకు కనబడితే పరువు గుర్తుంటుందా తమ్ముడూ!"

హాస్యం వంతకు పందుల దగ్గర నవ్వించాలనిపిస్తుంది. పందులు పెంచుకుని బతికేవాళ్లు ఆ జనంలోనే కూర్చుని ఉంటారు. వాళ్ల పనిని ఎగతాళి చేస్తే సువార్తకు అక్కడే తలుపు మూసుకుపోతుంది. "ఎవరూ అతనికి ఏమీ ఇవ్వలేదు" అన్న మాట పట్టుకుని, డబ్బుండగా చుట్టూ చేరిన స్నేహితుల మీద నవ్వించండి. రాజకీయం వంత అప్పులు, తాగుడు, వలసల గురించి మాట్లాడొచ్చు. పార్టీల పేర్లు, నాయకుల పేర్లు, ఇతరుల దేవుళ్ల ప్రస్తావన మాత్రం రాకూడదు.

రాత్రి మంచుకు డక్కీ తోలు సడలి మోత చచ్చిపోతుంది. కథకు ముందు దూరం నుంచి సెగ చూపించండి; మరీ దగ్గర పెడితే తోలు చిట్లుతుంది. కథకుడు ముందుకూ వెనక్కూ అడుగులేస్తుంటాడు కాబట్టి స్టాండు మైకులో సగం మాటలు పోతాయి. తలకు తగిలించే మైకు పెట్టండి. వంతల మైకులు డక్కీలకు ఎగువన, నోటి దగ్గర ఉండాలి.

పెద్దకొడుకు లోపలికి వచ్చాడో లేదో లూకా చెప్పలేదు. మీరూ చెప్పొద్దు. తండ్రి బతిమాలుతుండగానే ఆపి, ఒక్క నిమిషం ఊరుకుని, మంగళం అందుకోండి. ప్రార్థన కోరేవాళ్ల కోసం వంతలిద్దరూ వెంటనే వేదిక దిగాలి. సామాను సర్దుకోవడం ఆ తర్వాతే.