కాలేజీ ఫుట్‌బాల్ కోచ్ మీ వాడి కోసం వస్తే: అతను ఏ రకమో ఎలా తెలుసుకోవాలి

హైస్కూల్లో ఫుట్‌బాల్ (అమెరికన్ ఫుట్‌బాల్ సంగతే చెప్తున్నా) ఆడే పిల్లాడికి కాలేజీ కోచ్ నుంచి మొదటి మెసేజ్ వచ్చిందంటే ఇంట్లో అందరికీ కాళ్లు నేల మీద నిలవవు. డాలస్, అట్లాంటా చుట్టుపక్కల ఉండే మనవాళ్లకి ఎస్‌ఏటీ తెలుసు, కాలేజీ అప్లికేషన్ల గోల తెలుసు, కానీ ఈ రిక్రూటింగ్ (కాలేజీ జట్లు ఆటగాళ్లని ఎంచుకునే తంతు) దగ్గరికి వచ్చేసరికి అడగడానికి ఇంట్లో పెద్దవాళ్లు ఎవరూ ఉండరు, ఎదురుగా కూర్చున్న కోచ్ ఏమో పాతికేళ్లుగా తల్లిదండ్రులతో మాట్లాడి ఆరితేరినవాడు. అందుకే అతను ఎంత ప్రేమగా మాట్లాడాడన్నది కాసేపు పక్కన పెట్టి, తన జట్టుని ఎలా కడతాడో ముందు చూడండి. మిగతావన్నీ దాని తర్వాతే.

మొదట ఈ ఆఫర్ సంగతి, అంటే జట్టులో చోటు, స్కాలర్‌షిప్ ఇస్తామన్న మాట. ఎక్స్‌లో పిల్లలు పెట్టే పోస్టులన్నీ ఒకేలా ఉంటాయి: ఫలానా కోచ్‌తో మాట్లాడాక ఫలానా యూనివర్సిటీ నుంచి ఆఫర్ వచ్చింది, దేవుడి దయ, కింద ఆ జట్టు లోగో. నోటిమాటగా వచ్చిన ఆఫర్‌కి ఎవరూ కట్టుబడి ఉండక్కర్లేదు. ఒక పొజిషన్‌లో ఇద్దరు కావాల్సి ఉంటే అంతకు ఎన్నో రెట్ల మందికి ఆఫర్ ఇచ్చి పెట్టుకుంటారు. అందుకని మొహమాటం లేకుండా ఒక్క ప్రశ్న వేయండి: "కోచ్, ఇవాళే మావాడు కమిట్ అవుతానంటే (మీ కాలేజీకే వస్తానని మాటిస్తే) మీరు తీసుకుంటారా?" వెంటనే అవునంటే అది నిజం ఆఫర్. జూన్‌లో మా క్యాంపుకి రానివ్వండి, అప్పుడు చూద్దాం అంటే మీవాడి పేరు లిస్టులో ఉందని మాత్రమే అర్థం. బాధపడాల్సిన పని లేదు, క్యాంపుకి పంపండి, కానీ మిగతా కాలేజీలకి తలుపులు మూసేయకండి.

ఇక కోచ్‌ల తీరు. నాకు తెలిసినంతలో నాలుగు రకాలు చెప్తాను.

మొదటిది నిక్ సేబన్ తరహా. కోచ్‌గా అలబామా యూనివర్సిటీకి ఆరు జాతీయ టైటిళ్లు తెచ్చి 2024 జనవరిలో రిటైర్ అయ్యాడు, కానీ అతని పద్ధతి ఎక్కడికీ పోలేదు, అతని దగ్గర డిఫెన్స్ నడిపిన కర్బీ స్మార్ట్ జార్జియాలో అదే బాటలో 2021, 2022 సీజన్లలో వరసగా రెండు టైటిళ్లు కొట్టాడు. ఈ తరహాలో ప్రతి పొజిషన్‌కీ ఇంత ఎత్తు, ఇంత బరువు, ఇంత వేగం అని ఒక కొలత ఉంటుంది, ఆ కొలతకి సరిపోయేవాళ్లని ఏటా తెస్తూనే ఉంటారు. మీవాడు ఎంత గొప్పగా ఆడినా వచ్చే ఏడాది అదే పొజిషన్‌కి ఇంకో ఫైవ్ స్టార్ (రిక్రూటింగ్ రేటింగుల్లో అన్నిటికన్నా పైమెట్టు) కుర్రాడు వస్తాడు. ఇలాంటి కోచ్ నిజాయితీపరుడైతే ఆ విషయం మీ మొహం మీదే చెప్తాడు, స్టార్ట్ చేయిస్తానని (మ్యాచ్ మొదటినుంచే దింపుతానని) మాటివ్వడు. ఇక్కడ అడగాల్సింది మీ వాడినే: రెండేళ్లు ఆడే అవకాశం రాకపోయినా, రోజూ ప్రాక్టీసులో తనకన్నా బలమైనవాళ్ల చేత దెబ్బలు తింటూ కూడా ఉత్సాహంగా ఉండగలవా?

రెండోది క్లెమ్సన్‌లో డాబో స్వినీ తరహా. 2016, 2018 సీజన్లలో టైటిళ్లు గెలిచిన ఈయన మిగతా పెద్ద జట్లతో పోలిస్తే తక్కువ ఆఫర్లు ఇస్తాడు, హైస్కూల్ నుంచి తెచ్చిన పిల్లల్నే నాలుగేళ్లు పెంచుకుంటానంటాడు, ఊరంతా ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్లు పేరు పెట్టుకునే జాబితా) వెంట పరుగెడుతున్నప్పుడు కూడా చాలాకాలం దాని జోలికి పెద్దగా పోలేదు, దానికి విమర్శలూ పడ్డాడు. ఇక్కడ ఒక షరతు ఉంది, కమిట్ అయ్యాక వేరే కాలేజీలు చూడ్డానికి వెళ్తే ఆ కమిట్‌మెంట్ లేనట్టే. మన ఇళ్లలో ఈ తరహా కోచ్ వెంటనే నచ్చేస్తాడు, కుటుంబం, విలువలు, దేవుడు అని మాట్లాడతాడు కాబట్టి. నచ్చడంలో తప్పేం లేదు. కాకపోతే అంత గట్టి మాట అడిగేవాడి దగ్గర మీరూ అంతే గట్టిగా అడగాలి: మావాడికి హైస్కూల్ సీనియర్ సీజన్‌లో మోకాలు దెబ్బతింటే ఈ స్కాలర్‌షిప్ ఉంటుందా? ఇలా ఇంతకుముందు ఎవరికైనా జరిగిందా, ఆ కుటుంబంతో మేం ఒకసారి మాట్లాడొచ్చా?

మూడోది పోర్టల్ కోచ్. 2022 డిసెంబర్‌లో కొలరాడోకి వచ్చిన డియాన్ శాండర్స్ పాత జట్టులో చాలామందిని సాగనంపి, మొదటి సీజన్‌కే యాభై మందికి పైగా ట్రాన్స్‌ఫర్లని తెచ్చాడు. పిల్లల ఇళ్లకి, స్కూళ్లకి తిరిగే అలవాటు కూడా ఆయనకి లేదు, కావాలనుకున్నవాళ్లే తన దగ్గరికి వస్తారంటాడు. ఆ పద్ధతిలో 2023లో నాలుగు గెలిచి ఎనిమిది ఓడారు, మరుసటి ఏడాది తొమ్మిది గెలిచారు, ఆ జట్టులోని ట్రావిస్ హంటర్‌కి హైస్మన్ (ఏడాదికి ఉత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే అవార్డు) వచ్చింది. ఇండియానాలో కర్ట్ సిగ్నెట్టీదీ దాదాపు ఇదే దారి, తన పాత కాలేజీ జేమ్స్ మాడిసన్ నుంచి ఆటగాళ్లని వెంట తెచ్చుకుని, అంతకుముందు ఏడాది మూడే గెలిచిన జట్టుతో 2024లో పదకొండు గెలిచాడు. ఇప్పటికే కాలేజీలో ఆడి చూపించినవాడు కావాలంటాడు, రేపు బాగా ఆడొచ్చు అనే పద్దెనిమిదేళ్ల కుర్రాడి మీద పందెం కాయడు. ఇలాంటి చోట మీవాడు హైస్కూల్ నుంచి నేరుగా వెళ్తే, వాడి పొజిషన్‌లో పోయిన రెండేళ్లలో ఎంతమంది ఫ్రెష్‌మెన్‌ని (మొదటి ఏడాది విద్యార్థుల్ని) తెచ్చారు, వాళ్లలో ఎంతమంది ఇంకా అక్కడే ఉన్నారు అని లెక్క చూసుకోవాలి. ఆ లెక్క మీకు నచ్చకపోతే ముందు వేరే చోట రెండేళ్లు ఆడి తర్వాత పోర్టల్లోంచి అదే కోచ్ దగ్గరికి వెళ్లడం మేలు, అప్పుడు ఆయనే వెతుక్కుంటూ వస్తాడు.

నాలుగోది నాకు బాగా ఇష్టమైన తరహా, చాలామంది పట్టించుకోనిది. అయోవాలో కర్క్ ఫెరెంజ్ 1999 సీజన్ నుంచీ హెడ్ కోచ్‌గా ఉన్నాడు. స్టార్లు లేని పిల్లాడిని తెచ్చి, రెడ్‌షర్ట్ చేసి (మొదటి ఏడాది మ్యాచ్‌లకి దించకుండా ఆపి), ఒళ్లు పెంచి, అవసరమైతే పొజిషన్ మార్చి, నాలుగో ఏడాదికి వాడిని ఆటగాడిగా నిలబెట్టడం అక్కడి పని. డాలస్ క్లార్క్ స్కాలర్‌షిప్ లేకుండా లైన్‌బ్యాకర్‌గా (డిఫెన్స్ పొజిషన్) చేరాడు, టైట్ ఎండ్‌గా (అఫెన్స్ పొజిషన్) మార్చారు, 2003లో ఎన్ఎఫ్ఎల్ డ్రాఫ్ట్ మొదటి రౌండ్‌లో వెళ్లాడు. జార్జ్ కిటిల్ కూడా అక్కడి నుంచే, అతను ఐదో రౌండ్‌లో. మీవాడు త్రీ స్టార్ అయితే, ఇంకా ఎదుగుతున్నవాడైతే, పేరున్న జట్టులో బెంచీ మీద కూర్చోవడం కన్నా ఇలాంటి చోటు నూరుపాళ్లు నయమని నా గట్టి నమ్మకం. ఓపిక మాత్రం ఉండాలి, మొదటి ఏడాది అమ్మమ్మా తాతయ్యలకి టీవీలో చూపించడానికి ఏమీ ఉండకపోవచ్చు.

తరహా తెలిసింది సరే, చెప్పేది నిజమో కాదో ఎలా? రోస్టర్ (జట్టు ఆటగాళ్ల జాబితా) యూనివర్సిటీ వెబ్‌సైట్లో ఉంటుంది, పాత ఏళ్లవి కూడా. మూడేళ్ల కిందటి రోస్టర్ తీసి మీవాడి పొజిషన్‌లో అప్పుడు ఫ్రెష్‌మెన్ ఎవరో రాసుకోండి, ఇప్పుడు వాళ్లు ఎక్కడున్నారో ఒక్కొక్కరినీ వెతకండి. ఆడుతున్నారా, పోర్టల్లోకి వెళ్లారా, ఆట మానేశారా. ఒక సాయంత్రం పని ఇది, కోచ్ రెండు గంటలు చెప్పినదానికన్నా ఎక్కువ చెప్తుంది.

అఫీషియల్ విజిట్‌కి వెళ్లినప్పుడు (ఖర్చు కాలేజీదే) ఫొటో షూట్ మెరుపులకి పడిపోకండి. యూనిఫామ్ వేసి, పొగ వదిలి, లైట్లు పెట్టి అందరికీ తీస్తారు. వీలైతే ఇంకోసారి మీ ఖర్చుతోనే స్ప్రింగ్ ప్రాక్టీసుకి వెళ్లండి. పొజిషన్ కోచ్ పక్కన నిలబడి చూడండి. రిసీవర్ చేతిలో పడ్డ బంతిని జారవిడుస్తాడు, అప్పుడు కోచ్ ఏం చేస్తున్నాడు? కొందరు మైదానమంతా వినబడేలా అరిచి వాడిని పక్కకి లాగేస్తారు. కొందరు దగ్గరికి పిలిచి, చేతులు ఎలా పెట్టాలో తన చేతులతో చూపించి, మళ్లీ అదే రూట్ పరుగెత్తిస్తారు. అరిచేవాడు చెడ్డ కోచ్ అని కాదు, కొందరు పిల్లలు అరుపుకే లేస్తారు. మీవాడు ఎలాంటివాడో మీకే బాగా తెలుసు. అలాగే మూడో ఏడాదిలో ఉండి ఇంకా బ్యాకప్‌గానే ఉన్న కుర్రాడితో మీవాడిని ఒంటరిగా మాట్లాడనివ్వండి, నిజం వాడి దగ్గరే దొరుకుతుంది.

కోచ్‌ని చూసే కాలేజీ ఎంచుకోవద్దని కూడా గట్టిగా చెప్తాను. 2021లో లింకన్ రైలీ ఓక్లహోమా వదిలి యూఎస్‌సీకి, బ్రయన్ కెల్లీ నోటర్‌డేమ్ వదిలి ఎల్‌ఎస్‌యూకి వెళ్లిపోయారు, హైస్కూల్ పిల్లలు కాలేజీలకి సంతకం చేసే డిసెంబర్ రోజుకి మూడు వారాలు కూడా లేవు. టెక్సస్ ఏ అండ్ ఎం 2022 రిక్రూటింగ్ క్లాస్ దేశంలో నంబర్ వన్, ఆ సీజన్‌లో జట్టు ఐదే గెలిచింది, 2023 నవంబర్‌లో జింబో ఫిషర్‌ని తీసేశారు, ఆ పిల్లల్లో చాలామంది తలో దిక్కూ వెళ్లిపోయారు. అందుకే కోచ్ వెళ్లిపోతే కూడా ఆ ఊళ్లో, ఆ మేజర్‌లో మీవాడు చదువుకుంటాడా అన్నది ముందే తేల్చుకోండి.

డబ్బు సంగతి కాగితం మీదే చూసుకోండి. 2025 జులై నుంచి కాలేజీలే తమ ఆదాయంలోంచి నేరుగా ఆటగాళ్లకి వాటా ఇవ్వొచ్చు, ఎన్ఐఎల్ డబ్బు (ఆటగాడి పేరు, ఫొటో వాడుకున్నందుకు ఇచ్చేది) వేరే. ఫ్లోరిడాకి సంతకం చేసిన క్వార్టర్‌బ్యాక్ జేడెన్ రషాడాకి కోటీ ముప్పై లక్షల డాలర్లకి పైగా ఎన్ఐఎల్ ఒప్పందం అన్నారు, అది రద్దయింది, 2024లో అతను కోర్టుకెక్కాడు. అంకె ఎంతైనా సరే ఎవరు ఇస్తారు, ఎప్పుడు ఇస్తారు, గాయమైతే ఏంటి, వేరే కాలేజీకి మారితే తిరిగి కట్టాలా అన్నవి లాయర్‌తో చదివించాకే సంతకం. స్కాలర్‌షిప్ ఒక ఏడాదికా, నాలుగేళ్లకా అన్నది కూడా అందులోనే చూడండి.

మనవాళ్లకి ఇంకో చిక్కుంది, కోచ్‌లలో చాలామందికి తట్టదు కూడా. పిల్లాడు అమెరికాలో పుట్టినవాడైతే ఇబ్బంది లేదు. హెచ్4 మీదో ఎఫ్1 మీదో ఉంటే స్కాలర్‌షిప్ తీసుకోవచ్చు గానీ, ఎన్ఐఎల్ ప్రకటనలు, ఆటోగ్రాఫ్ కార్యక్రమాలు, కాలేజీ ఇచ్చే వాటా అన్నవి అనుమతి లేని ఉద్యోగం కింద లెక్కకి వచ్చి వీసాకే ముప్పు తేవచ్చు. హెచ్4 అయితే ఇరవై ఒకటి నిండగానే ఎఫ్1కి మారాల్సి రావచ్చు, అది కాలేజీ మధ్యలోనే వస్తుంది. ఈ విషయం మొదటి ఫోన్‌లోనే చెప్పేయండి, యూనివర్సిటీ అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసుతో కలిపించమనండి, మీ తరఫున ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని విడిగా పెట్టుకోండి. అది విని కోచ్ ఫోన్లు తగ్గిస్తే కమిట్ కాకముందే తెలిసిందని ఊరుకుని, లిస్టులో తర్వాతి కాలేజీకి ఫోన్ చేయండి.