పరాయి దేశపు నగరంలో చిన్న పుస్తకాల షాపు నడపడం ఎలా?

పరాయి దేశంలో పుస్తకాల షాపు పెట్టాలనుకునేవాళ్లు ముందు షాపు పేరు ఆలోచిస్తారు. తర్వాత చెక్క అరలు, కిటికీ పక్కన కుర్చీ. నన్నడిగితే వీటన్నిటికన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: అమ్ముడుపోని పుస్తకాన్ని వెనక్కి పంపగలమా? అమెరికాలో 1930ల మాంద్యం రోజుల్లో ప్రచురణకర్తలు షాపులకు ఈ వాపసు సదుపాయం ఇవ్వడం మొదలుపెట్టారు. ఇప్పటికీ అక్కడ అది నడుస్తోంది. కానీ ఓడలోనో విమానంలోనో తెప్పించుకున్న పుస్తకానికి ఆ సదుపాయం ఉన్నా లేనట్టే. తిరుగు రవాణా ఖర్చు దాన్ని మింగేస్తుంది. కింద చెప్పే పనుల్లో చాలావరకు ఈ ఒక్క ఇబ్బంది చుట్టూ తిరిగేవే.

1. కొనేదెవరో చూసుకోండి

"మా భాష వాళ్లు ఈ ఊళ్లో ఇన్ని వేలమంది ఉన్నారు" అనే లెక్కను నమ్ముకోకండి. వాళ్లలో పుస్తకం కొనేవాళ్లు ఎందరు, వాళ్లలో మీ వీధి దాకా వచ్చేవాళ్లు ఎందరు అన్నదే లెక్క. షాపు అద్దెకు తీసుకోకముందే వారాంతపు సంతలోనో, ఏదైనా సంఘం సమావేశంలోనో ఒక బల్ల వేసుకుని రెండు పెట్టెల పుస్తకాలు అమ్మి చూడండి. మూడు నాలుగుసార్లు కూర్చుంటే, పుస్తకం చేతిలోకి తీసుకుని పెట్టేసేవాళ్లెవరో, డబ్బు తీసేవాళ్లెవరో తెలిసిపోతుంది.

నిలకడగా కొనేది రెండు రకాల వాళ్లు. ఒకటి, చిన్నపిల్లల తల్లిదండ్రులు. పిల్లలు ఎదుగుతుంటే పాత పుస్తకం సరిపోదు, కొత్తది కావాలి. రెండు, మీరు అమ్మే భాషను నేర్చుకుంటున్న స్థానికులు. వీళ్లకు ప్రతి తరగతికీ పాఠ్యపుస్తకం, నిఘంటువు, తేలిక భాషలో కథలు కావాలి. టూరిస్టులు షాపును మెచ్చుకుంటారు, ఫొటో తీసుకుంటారు, మళ్లీ రారు. వాళ్ల డబ్బు వద్దనక్కర్లేదు, కానీ అద్దె కట్టడానికి దాన్ని నమ్ముకోవద్దు.

2. కాగితాల పని

విజిటర్ వీసా మీద షాపు నడపడం కుదరదు. చదువు, ఉద్యోగ వీసాల మీద కూడా చాలా దేశాల్లో సొంత వ్యాపారానికి విడిగా అనుమతి కావాలి. ఇది తేలాకే మిగతావి. ఆ ఊళ్లోనే పనిచేసే అకౌంటెంట్‌ను ఒకరిని పెట్టుకోండి.

అద్దె ఒప్పందం మీకు సరిగా రాని భాషలో ఉంటుంది. ఇక్కడ లాయర్ ఫీజు దగ్గర పిసినారితనం వద్దు. మూడు విషయాలు తేల్చుకోండి. గడువుకు ముందే ఖాళీ చేయాలంటే ఎన్ని నెలల నోటీసివ్వాలి? అద్దె ఏ లెక్కన పెరుగుతుంది? పైకప్పు కారితే బాగు చేయించేదెవరు? పుస్తకాల షాపుకు చివరిది చాలా పెద్ద ప్రశ్న. తడిసిన పుస్తకాన్ని ఎవరూ కొనరు.

3. ధర చట్టం తెలుసుకోండి

కొన్ని దేశాల్లో పుస్తకానికి ఎంత డిస్కౌంట్ ఇవ్వాలో మీ ఇష్టం కాదు. ఫ్రాన్స్‌లో 1982 జనవరి నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం ధర నిర్ణయించేది ప్రచురణకర్త, బయటి నుంచి తెప్పించిన పుస్తకమైతే దిగుమతిదారు. షాపు ఇవ్వగలిగే తగ్గింపు 5 శాతం లోపే. జర్మనీలో 2002 నాటి చట్టం ఉంది. అయితే పరభాషా పుస్తకం ముఖ్యంగా జర్మనీలో అమ్మకం కోసం వేసినదైతేనే అది వర్తిస్తుంది. బ్రిటన్‌లో ఇలాంటి స్థిరధర పద్ధతి 1990ల్లో పోయింది, ఎవరెంతకైనా అమ్ముకోవచ్చు. చిన్న షాపుకు స్థిరధర మేలే. పక్కనున్న పెద్ద షాపు సగం ధరకు అమ్మి మిమ్మల్ని మూయించలేదు.

పన్ను కూడా దేశానికో రకం. అచ్చు పుస్తకం మీద బ్రిటన్‌లో వ్యాట్ సున్నా, ఫ్రాన్స్‌లో 5.5 శాతం, జర్మనీలో 7 శాతం. కస్టమ్స్ సుంకం బెడద తక్కువ: యునెస్కో 1950 నాటి ఫ్లోరెన్స్ ఒప్పందంలో చేరిన దేశాలు పుస్తకాల మీద సుంకం వేయవు. కానీ దిగుమతి సమయంలో వ్యాట్ పడవచ్చు, క్లియరెన్స్ చార్జీలూ ఉంటాయి.

ఒక మెలిక చాలామంది గమనించరు. అట్ట వెనక "ఫలానా ప్రాంతంలో అమ్మకానికి మాత్రమే" అని అచ్చయిన చవక ఎడిషన్లు ఉంటాయి. విదేశంలో చట్టబద్ధంగా కొన్న ప్రతిని తెచ్చి అమ్ముకోవచ్చని అమెరికా సుప్రీంకోర్టు 2013లో తీర్పిచ్చింది. యూరోపియన్ యూనియన్‌లో అలా కాదు. హక్కుదారు అనుమతితో ఆ ప్రతి మొదటి అమ్మకం అక్కడ జరిగి ఉండాలి. చవగ్గా దొరికాయని పెట్టెలకొద్దీ తెప్పించి చిక్కుల్లో పడకండి.

4. తక్కువ ప్రతులు, ఎక్కువ పేర్లు

షాపు నిలిచేదీ మునిగేదీ ఇక్కడే, అందుకే నెమ్మదిగా చదవండి.

ఒక పుస్తకం అమ్మకం ధర 100 అనుకుందాం. 40 శాతం డిస్కౌంట్ మీద మీకు 60కి వచ్చింది. రవాణా 8. మీ ఖర్చు 68, అమ్మితే చేతిలో మిగిలేది 32. అద్దె, కరెంటు, జీతం, పన్ను అన్నీ ఇందులోంచే.

ఇప్పుడు ఆ పుస్తకం ఐదు ప్రతులు తెప్పించారు. ఖర్చు 340. నాలుగు అమ్ముడుపోతే 400 వచ్చింది, మిగులు 60. మూడే పోతే 300, అంటే 40 నష్టం, రెండు ప్రతులు అరలో. అదే రెండు ప్రతులే తెప్పించి రెండూ అమ్మితే మిగులు 64. ఐదు తెప్పించి నాలుగు అమ్మినదానికన్నా ఎక్కువ! వాపసు లేని చోట అరలో మిగిలిన ఒక్క ప్రతి, అమ్మిన రెండు ప్రతుల లాభాన్ని తినేస్తుంది.

"రెండేసి తెప్పిస్తే రవాణా పెరగదా?" అంటారు. ఒకే పేరు యాభై ప్రతులు కాకుండా ఇరవై ఐదు పేర్లు రెండేసి చొప్పున ఒకే పెట్టెలో తెప్పించండి. బరువు దాదాపు అంతే. ఇందుకు ఒక్కో ప్రచురణకర్త దగ్గర విడిగా కొనకుండా అన్ని సంస్థల పుస్తకాలూ ఒకేచోట ఇచ్చే హోల్‌సేలర్ కావాలి. డిస్కౌంట్ కాస్త తగ్గినా ఫర్వాలేదు. రవాణా బరువును బట్టి కాబట్టి, గట్టి అట్ట పుస్తకం ముద్దొచ్చినా పేపర్‌బ్యాక్ వచ్చేదాకా ఆగడం మంచిది. ఓడలో సరుకు వారాలు పడుతుంది. స్కూళ్లు తెరిచే కాలానికి, కానుకల కాలానికి కొన్ని నెలల ముందే ఆర్డర్ వెళ్లిపోవాలి.

ఆర్డర్ ఎప్పుడూ పుస్తకం పేరుతో ఇవ్వకండి, ఐఎస్‌బీఎన్‌తో, అంటే ఒక్కో ఎడిషన్‌కు విడిగా ఉండే గుర్తింపు నంబరుతో ఇవ్వండి. 2007 నుంచి అది 13 అంకెలు. ఒకే నవలకు నాలుగు ఎడిషన్లుంటే నాలుగు నంబర్లుంటాయి. పేరు చెప్పి తెప్పిస్తే ఏది వస్తుందో మీ అదృష్టం.

ఇన్‌వాయిస్ ఒక కరెన్సీలో, గల్లాపెట్టెలో డబ్బు ఇంకో కరెన్సీలో. చెల్లింపుకు నెల గడువిచ్చారంటే ఆ నెలలో మారకపు రేటు మీ మార్జిన్‌ను కొరకవచ్చు. ధర వేసేటప్పుడు కొంచెం ఎడం ఉంచుకోండి. అట్ట వెనక అచ్చయిన, పుస్తకం వచ్చిన దేశపు ధర చూసి "ఇక్కడింత ఎక్కువేంటి?" అని అడిగేవాళ్లు తప్పకుండా ఉంటారు. దాని మీద స్టిక్కర్ అంటించి దాచకండి, అనుమానం ఇంకా పెరుగుతుంది. అచ్చు ధరను ఎంతతో హెచ్చిస్తున్నారో, అందులో రవాణా ఎంతో కౌంటర్ దగ్గర చిన్న పట్టికగా పెట్టండి. అందరికీ ఒకటే లెక్క అని తెలిస్తే బేరం ఆగిపోతుంది.

5. కొనలేనివాళ్లకు అద్దెకివ్వండి

దిగుమతి పుస్తకం ఎప్పుడూ ఖరీదే. అమెరికా నుంచి వచ్చిన సిల్వియా బీచ్ 1919 నవంబరులో పారిస్‌లో షేక్‌స్పియర్ అండ్ కంపెనీ తెరిచినప్పుడు అది అమ్మకం షాపే కాదు, చందా కట్టి పుస్తకాలు ఇంటికి తీసుకెళ్లే లైబ్రరీ కూడా. ఇంగ్లిష్ పుస్తకం కొనలేని పాఠకుడు చందా కట్టగలిగాడు. 1936లో షాపు మూతపడేలా ఉంటే, ఏడాది చందా కట్టినవాళ్లకు రచయితల పఠనాలు వినే అవకాశం ఇస్తూ ఒక మిత్రబృందం ఏర్పడింది.

మీరూ ఒక అర కేటాయించండి. డిపాజిట్, నెల చందా, ఒకసారికి రెండు పుస్తకాలు. దానికి సరుకు ఎక్కడినుంచి? ఊరు వదిలి వెళ్లిపోయేవాళ్ల దగ్గర్నుంచి. పరాయి ఊళ్లో ప్రతి నెలా ఎవరో ఒకరు సామాను సర్దుకుంటూనే ఉంటారు, పుస్తకాలను విమానంలో మోయలేరు. ఆ పాత పుస్తకాలు కొనండి. రవాణా ఖర్చు లేదు కాబట్టి మార్జిన్ బాగుంటుంది.

6. అడిగినా లేనివి రాసుకోండి

కౌంటర్ మీద ఒక నోట్‌బుక్. ఎవరైనా అడిగిన పుస్తకం లేకపోతే పేరు, తారీఖు రాయండి. అదే పేరు మూడోసారి వస్తే రెండు ప్రతులు తెప్పించండి. కావాలని పట్టుబట్టేవాళ్ల దగ్గర అడ్వాన్స్ తీసుకుని వచ్చే పెట్టెలో తెప్పించి ఇవ్వండి. ముందే అమ్ముడైన పుస్తకంలో మీకు రిస్కు లేదు. పుస్తకం ఫొటో తీసి ఆన్‌లైన్‌లో కొనుక్కునేవాళ్లతో గొడవ పడకండి, పోయేది మీ మూడ్ మాత్రమే.

స్థానిక భాషలో కూడా బోర్డు, అరల పేర్లు రాయండి. లేకపోతే దారిన పోయేవాళ్లు ఇది తమకు కాదనుకుని వెళ్లిపోతారు. స్థానిక భాష బాగా వచ్చిన ఒకరిని వారానికి రెండు రోజులైనా పెట్టుకోండి. స్కూళ్లకు, పబ్లిక్ లైబ్రరీలకు ఉత్తరాలు రాసేది, వాళ్ల కొనుగోలు పద్ధతి కనుక్కునేది ఆ మనిషే. ఒక లైబ్రరీ ఆర్డర్, షాపులో సాయంత్రాలు పెట్టే కార్యక్రమాలు పదింటంత విలువ చేస్తుంది. కార్యక్రమాలు చేయొద్దని కాదు, నెలకొకటి చాలు.

7. నిద్రపోయే స్టాకును పట్టుకోండి

పుస్తకం వచ్చిన నెల, సంవత్సరం చివరి పేజీ మూలన పెన్సిల్‌తో రాయండి. నెలకోసారి అరలన్నీ తిరిగి, ఆరు నెలలు దాటినవి బయటికి లాగండి. కొన్నిటిని ముఖచిత్రం కనిపించేలా గుమ్మం దగ్గర పెడితే చాలు, కదులుతాయి. అయినా కదలకపోతే ధర తగ్గించండి. స్థిరధర ఉన్న దేశమైతే దానికీ నియమం ఉంటుంది. ఫ్రాన్స్‌లో పుస్తకం ప్రచురణో దిగుమతో జరిగి రెండేళ్లు దాటి, మీరు చివరిసారి తెప్పించి ఆరు నెలలు దాటితేనే తగ్గించి అమ్మొచ్చు. పెన్సిల్ తారీఖు అక్కడ కూడా అక్కరకొస్తుంది. అలా అమ్మినా పోనివి చందా అరలోకి మార్చేయండి.