నెల సరుకుల చీటీని రెండు ముక్కలు చేయండి

మా ఊళ్లో సూపర్‌మార్కెట్ తెరిచిన కొత్తలో నెల సరుకులన్నీ అక్కడే తెచ్చేవాళ్లం. మూడు నెలల బిల్లులు ముందేసుకుని కూర్చుంటే తేలిందేంటంటే, సబ్బుల మీద మిగిల్చుకున్నదంతా పప్పుల మీద, చీటీలో లేనివాటి మీద పోయింది. అప్పటినుంచి చీటీ రాయగానే రెండుగా చింపుతున్నా.

సబ్బులు, టూత్‌పేస్టు, బట్టల పొడి లాంటి కంపెనీ సరుకు సూపర్‌మార్కెట్ ముక్కలోకి. వాళ్లు అన్ని బ్రాంచీలకూ కలిపి ఒకేసారి కొంటారు కాబట్టి ఎమ్మార్పీ మీద తగ్గింపు ఇవ్వగలరు. అలాగని పెద్ద ప్యాకెట్ ప్రతిసారీ చౌక కాదు, ఎమ్మార్పీ పక్కన గ్రాముకో కిలోకో ఎంత పడుతుందో వేస్తారు, అది చూడండి.

నూనె దగ్గర కాస్త ఆగండి. లీటరు సన్‌ఫ్లవర్ నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది, కానీ చూడ్డానికి అదే సైజులో ఉన్న కొన్ని ప్యాకెట్లలో 850, 800 గ్రాములే ఉంటుంది. "ఆఫర్" అన్న నూనె చాలాసార్లు ఇదే.

బియ్యం మాత్రం మిల్లులోనో బియ్యం కొట్లోనో కొనండి. 2022 జూలైలో 25 కిలోల వరకు ప్యాక్ చేసిన బియ్యానికి 5 శాతం జీఎస్టీ పెట్టాక మన దగ్గర 26 కిలోల బస్తాలు వచ్చాయి, కిలో ధర లెక్కేసేటప్పుడు 26తోనే భాగించండి. కూరగాయలు సంతలో. పప్పులు, చింతపండు, మిరపకాయలు శెట్టిగారి కొట్లో, ఎందుకంటే అక్కడ చేత్తో తీసి చూసి, బాగోలేకపోతే మర్నాడు మొహం మీదే చెప్పి మార్చుకోవచ్చు. పైగా ఖాతా ఉంటుంది.

ఇక బిల్లు. పోయిన నెల ఒక షాపులో కందిపప్పు అరకి అతికించిన కాగితం మీద 149, బిల్లులో 164. అడిగితే "నిన్నటితో ఆఫర్ అయిపోయిందండీ, కాగితం తీయలేదు" అన్నాడు కౌంటర్ అబ్బాయి. నేను అరని ఫోన్‌లో ఫొటో తీసి ఉంచుకున్నా, చూపించాక తగ్గించాడు. కాబట్టి ఆఫర్ సరుకు బుట్టలో వేసేముందే ఒక ఫొటో తీయండి, బిల్లు తలుపు దగ్గర కాదు, కౌంటర్ దగ్గరే చూసుకోండి. ఎమ్మార్పీ కంటే ఎక్కువ తీసుకుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు.

సూపర్‌మార్కెట్ వాళ్లు బిల్లు మీద ఇచ్చే పాయింట్లు ఎప్పటికప్పుడు వాడేయండి. షాపులు చేతులు మారుతుంటాయి, త్రినేత్ర గుర్తుంది కదా, హైదరాబాద్ సూపర్‌మార్కెట్, 2007లో ఆదిత్య బిర్లా గ్రూపు కొన్నాక మోర్ అయిపోయింది.

ఇంకోటి, సూపర్‌మార్కెట్ పేరున్న సంచి పట్టుకుని శెట్టిగారి కొట్టు ముందునుంచి రాకండి. మా నాన్న ఇప్పటికీ వెనక సందులోంచే వస్తారు.